గేటు పక్కన మంచం

మా గల్లీలో ఇల్లు ఖాళీ చేయమని నోటితో చెప్పడం మర్యాద కాదు. సూరత్‌లో మరమగ్గాలు నడుపుకొని బతకడానికి తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్ళం మేము. ఇల్లు కిరాయికి ఇచ్చినవాడూ మావాడే, అందులో ఉన్నవాడూ మావాడే. ఇద్దరి ఊర్లూ పక్కపక్కనే ఉంటాయి. వెతికితే ఎక్కడో చుట్టరికం కూడా కలుస్తుంది. రేపు ఏదో పెళ్ళిలో ఒకే బంతిలో కూర్చొని తినాల్సి వస్తుంది. అందుకని కిరాయి పడని ఇంటికి కబురు తిన్నగా రాదు. మొదట ఇంటాయన మన గదిలో చాయ్ తాగడం మానేస్తాడు. ‘ఇప్పుడే తాగొచ్చిన’ అంటాడు. తర్వాత వాళ్ళింటికి కూర పంపిన గిన్నె ఉత్త గిన్నెగా తిరిగొస్తుంది, అందులో నాలుగు పచ్చిమిరపకాయలో చిటికెడు చక్కెరో ఏదీ ఉండదు. ఆ తర్వాత ఒక రోజు మెట్ల దగ్గర ఎదురుపడి, ‘ఊరికి ఎప్పుడు వోతున్నరు?’ అని అడుగుతాడు. పండుగ ఉండదు, పెళ్ళి ఉండదు, అయినా అడుగుతాడు. ఆ మాట విన్నవాళ్ళు గదిలోకి వచ్చి సామాను ఎంత ఉందో ఒకసారి చూసుకుంటారు. వకీలు నోటీసు అన్నిటికన్నా ఆఖరుది. చాలామంది అంతదాకా రానివ్వరు.

మేము రానిచ్చాం. పోవడానికి చోటు లేక రానిచ్చాం.

మా గది ఆ ఇంట్లో అన్నిటికన్నా పైన ఉండేది. కింద ఇంటాయన, ఆయన భార్య, మంచం దిగలేని ఆయన ముసలి తల్లి. నడుమ అంతస్తులో ఒడిశా నుంచి వచ్చిన పిల్లగాళ్ళు. పగటి పని వాళ్ళూ రాత్రి పని వాళ్ళూ అవే పరుపుల మీద వంతులవారీగా పడుకునేవాళ్ళు. ఇంటాయనను నేను కాకా అని, ఆయన భార్యను చిన్నమ్మ అని పిలిచేదాన్ని.

మా నాన్నను బాపు అనేదాన్ని. బాపు, కాకా పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఒకే కార్ఖానాలో ఎదురెదురు సాంచాల మీద పనిచేశారు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. సాంచాలు నడుస్తుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకే కార్ఖానా మనుషులు చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని. పిడికిలి బిగించి చూపిస్తే సాంచా బంద్ అని. అరచెయ్యి నేలకు సమంగా చాపి మెల్లగా కదిపితే, నడుస్తోంది, నువ్వు నీ పని చూసుకో అని. ఇంట్లో కూడా బాపు సగం మాటలు చేతులతోనే అనేవాడు. అమ్మకు ఒళ్ళు మండేది.

“నేనేమన్న సాంచానా? నోరు తెరువు.”

“నువ్వు సాంచావైతే మంచిగుండు. పిడికిలి సూపిస్తే బంద్ అయితుంటివి.”

కాకా మెల్లగా నాలుగు సాంచాలు సొంతంగా పెట్టుకున్నాడు, ప్లాటు కొన్నాడు, ఇల్లు కట్టాడు. బాపు కూలికి నడిపేవాడిగానే ఉండిపోయాడు. అది వాళ్ళ స్నేహానికి ఎప్పుడూ అడ్డు రాలేదు. జీతాలు అందిన తర్వాత వచ్చే ఆదివారం కాకా పైకి వచ్చి, మా గుమ్మం దగ్గర బోర్లించిన బాబిన్ల డబ్బా మీద కూర్చునేవాడు. కిరాయి తీసుకోవడానికి నిమిషం పట్టేది, చాయ్ తాగడానికి గంట.

“అన్నా, నీ బిడ్డె సదువు ఏడిదాంక వచ్చింది?” అని నన్ను చూపించి అడిగేవాడు.

“లైబ్రరీల చెదలు తినంగ మిగిలిందంత అది తింటున్నది” అనేవాడు బాపు.

వాళ్ళు నవ్వుతూ అన్నా నాకు ఆ మాట గొప్పగానే ఉండేది. కార్పొరేషన్ వాళ్ళ తెలుగు బడిలో ఏడో తరగతితో నా చదువు ఆగిపోయింది. చీరలకు రాళ్ళు అంటించే పనిలో కూర్చున్నాను. కానీ మా ఇంటి నుంచి నడిచి పోయేంత దూరంలో ఒక వాచనాలయం ఉంది. అందులో గుజరాతీ పెద్దమనుషులు పేపర్లు చదువుతూ కునుకు తీసే గది వెనకాల ఒక తెలుగు బీరువా ఉంది. తాళం తీస్తే నాఫ్తలీన్ వాసన ముఖం మీద కొట్టేది. ఆ బీరువా మొత్తం చదివేశాక హిందీ వైపు వెళ్ళాను. అది కూడా చాలక, దుకాణాల బోర్డులు చూసి గుజరాతీ అక్షరాలు నేర్చుకున్నాను. పటేల్ దుకాణం, పాన్ దుకాణం, మందుల దుకాణం, ఇవే నా వాచకాలు. నక్షత్రాల గురించి, నదుల గురించి, రాజుల గురించి, ఆవు కడుపులో ఎన్ని అరలుంటాయన్న దాని గురించి, చేతికందిందల్లా చదివాను. లోకంలో ఏ కష్టమొచ్చినా దానికి జవాబు ఎక్కడో ఒక అరలో ఉండే ఉంటుందని, వెళ్ళి తీసుకోవడమే ఆలస్యమని గట్టిగా నమ్మేదాన్ని.

బాపుకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ముందు మెట్ల దగ్గర ఆగి ఆగి ఎక్కేవాడు, తర్వాత ఎక్కాక మంచం పట్టుకొని నిలబడేవాడు, ఆ తర్వాత దిగడమే మానేశాడు. పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచుకొని, ఇక ఇంట్లోనే ఉంచండి, పెట్టగలిగింది పెట్టండి అని పంపేశారు. ఆ మాటకు అర్థం ముగ్గురికీ తెలుసు. నేను రాళ్ళు అంటించి తెచ్చేది మందులకే సరిపోయేది కాదు. కిరాయి ఒక నెల ఆగింది, తర్వాతి నెలా ఆగింది, ఆపైన అడిగేవాళ్ళు లేరు.

అడగకపోవడమే మొదలు. జీతాల ఆదివారం వచ్చింది, కాకా పైకి రాలేదు. మరో ఆదివారం వచ్చాడు కానీ గుమ్మం బయటే నిలబడి, బాపును పలకరించి, “ఇప్పుడే తాగొచ్చిన వదినే” అని దిగిపోయాడు. అమ్మ చేతిలో చాయ్ గిన్నె అలాగే ఉంది. కొన్నాళ్ళకు చింతచిగురు పప్పు పంపిన గిన్నె కింది నుంచి తిరిగొచ్చింది. శుభ్రంగా తోమి ఉంది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గూట్లో పెట్టింది. ఆ వారమే మెట్ల దగ్గర చిన్నమ్మ అడిగింది.

“అక్కా, ఊరికి ఎప్పుడు వోతున్నరు?”

“ఊరు ఏడున్నది చెల్లే?” అంది అమ్మ. “అన్నదమ్ములు పాలు పంచుకున్నప్పుడే మా వంతు అర్ర అమ్మితిమి. గోడలు గూడ లేవు. ఈయనను రైల్ల ఎట్ల పండవెట్టాలె?”

చిన్నమ్మ కొంగు సర్దుకొని లోపలికి పోయింది.

తర్వాత పోస్ట్‌మన్ వచ్చాడు. కింది అంతస్తులో ఉన్న మనిషి పై అంతస్తుకు పోస్టులో కాగితం పంపాడు. పోస్ట్‌మన్ మెట్లెక్కుతుంటే కాకా ఇంటి తలుపు మూసుకోవడం నాకు పైనుంచి వినబడింది. సంతకం పెట్టించుకొని కవరు ఇచ్చి వెళ్ళాడు. గుజరాతీలో ఉంది. నేను తెలుగులో చదివి వినిపించాను. ఫలానా శ్రీ ఫలానా వారికి, మా కక్షిదారుకు మీరు ఇన్ని నెలల కిరాయి చెల్లించలేదు గనుక, ఈ నోటీసు అందిన నెలలోపు గది ఖాళీ చేసి అప్పగించాలి, లేకపోతే కోర్టులో దావా వేస్తాం. అంతే ఉంది.

బాపు దిండ్లకు ఆనుకొని విన్నాడు. “శ్రీ అని రాసిండ్రా నాకు?”

“రాసిండ్రు.”

“మళ్ళ సదువు గాడ.”

అక్కడ మళ్ళీ చదివాను. నవ్వబోయాడు, దగ్గు వచ్చింది.

నేను మర్నాడు పని మానేసి వాచనాలయానికి పోయాను. కానూన్ పుస్తకాల, అదే చట్టాల పుస్తకాల అర ఎక్కడుందో నాకు తెలుసు, అంతకుముందు ఎప్పుడూ ముట్టుకోలేదు. గుజరాతీలో మామూలు మనుషుల కోసం రాసిన ఒక పుస్తకం దొరికింది. కిరాయి బాకీ పేరు మీద ఖాళీ చేయించాలంటే ముందు రాతపూర్వకంగా తెలియజేయాలట. దానికి గడువు ఇవ్వాలట. ఆ గడువులోపల కిరాయిదారు బాకీ కట్టేస్తే, ఇక ఆ కారణం మీద బయటికి పంపడం కుదరదట. ఆ వాక్యం రెండు మూడు సార్లు చదివాను. పక్కన కునికే పెద్దాయనను లేపి చెప్పాలన్నంత సంతోషం కలిగింది. నేను అనుకున్నట్టే జవాబు ఒక అరలో ఉంది. వెళ్ళి తీసుకున్నాను.

అమ్మ కాళ్ళ వెండి కడియాలు తీసి ఇచ్చింది. అవి ఎప్పటివో, తీయడానికి సబ్బు నురుగు పెట్టాల్సి వచ్చింది. చీరల పని ఇచ్చే సేటు దగ్గర నేను ముందస్తుగా కొంత తీసుకున్నాను. బాకీ మొత్తం ఒక రుమాల్లో కట్టుకొని కిందికి దిగాను. గుమ్మంలో కాకా సాంచా తాలూకు ఒక తోలు పట్టీ బాగుచేస్తూ కూర్చున్నాడు. లోపల ఆయన తల్లి మూలుగు వినబడుతోంది.

“ఏంది బిడ్డా?”

“కిరాయి కాకా. మొత్తం ఉన్నది. రశీదు రాసియ్యి.”

ఆయన రుమాలు వంక చూశాడు. చెయ్యి చాపలేదు. “నీ కాడనే ఉండనియ్. మందులకు అక్కరకొస్తయ్.”

“అట్లెట్ల? నోటీసుల గిదే గదా రాపిచ్చినవ్. బాకీ కడ్తే ఖాళీ చేపియ్యనీకి రాదు. నేను లైబ్రరీల సూసొచ్చిన. కానూన్ గట్లున్నది.”

“కానూన్ మంచిదే బిడ్డా.”

“మరి తీస్కో.”

ఆయన తోలు పట్టీని అలాగే తిప్పుతున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ చిన్నమ్మ విసుక్కుంది. “చెప్పరాదు. ఎన్నొద్దులు మింగుతవ్?”

అప్పుడు కాకా తలెత్తి నన్ను చూశాడు. “నువ్వు సదివిన బుక్కుల, కిరాయి అర్రల పానం వోతే ఇంటోడు ఏం జెయ్యాల్నో రాసిందా?”

కిరాయి గదిలో ప్రాణం పోతే అన్న మాట ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

“మీరు రాకముందు గా అర్రల ఒక పిల్లగాడు వోయిండు. జరమొచ్చి వోయిండు. అయ్యగారిని అడిగితే నక్షత్రం మంచిగ లేదన్నడు. ఆర్నెల్లు ఇల్లు ఇడ్సిపెట్టాలె అన్నడు. ఇడ్సిపెట్టినం. తాళమేసి కార్ఖానల సాంచాల నడుమ పండుకున్నం. కిరాయోళ్ళంత ఖాళీ చేసిండ్రు. ఇంటి మీద లోను, నెల నెల గట్టాలె. నాలుగు సాంచాలల్ల రెండు అమ్మిన.” లోపలికి వేలు చూపించాడు. “ఇప్పుడు మా అవ్వను ఎత్తుకొని ఏడికి వోవాలె? మంచం కదిలిస్తే ఉంటదా ఆమె?”

“గట్లయితే నోటీసుల కిరాయి అని ఎందుకు రాపిచ్చినవ్?”

“మరేమని రాపియ్యాలె?” కాకా గొంతు పెరిగింది. “మీ అయ్య సస్తడు, జర ముందే బయటికి తీస్కపోండ్రి అని రాపియ్యాల్నా? గా మాట వకీలు ముంగట అననీకి నాకు నోరెట్లొస్తది? ఆడు నా జోడి సాంచా మీద పనిజేసినోడు.”

ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చిన్నమ్మ లోపలికి పోయింది. రుమాలు మూట పట్టుకొని నేను మెట్లెక్కాను. ఎన్ని పుస్తకాలు చదివినా, ఆ మెట్ల మీద నాకు తోచిన వాక్యం ఒక్కటీ లేదు.

పై మెట్టు మీద అమ్మ కూర్చొని ఉంది.

“నీకు ముందే ఎర్కనా?” అని అడిగాను.

“గిన్నె ఉత్తగ వచ్చిననాడే ఎర్క. పైసలు ఆగినందుకైతే ఆళ్ళు మనకు ఉత్త గిన్నె పంపరు. ఎన్నిసార్లు ఆగలే మనయి?”

“మరి కడియాలెందుకు ఇచ్చినవ్?”

“ఏమో. పైసలు మొఖం జూస్తే మనసు మారుతదేమో అనుకున్న.”

ఆ ఇంట్లో మెట్లు గొట్టంలాంటివి. కింద మాట్లాడింది పైన వినబడుతుంది. మేము లోపలికి వెళ్ళేసరికి బాపు కళ్ళు తెరుచుకొని మా కోసమే చూస్తున్నాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతూ అన్నాడు.

“ఆడన్నది తప్పేం లేదు.”

“తప్పే” అన్నాను. “కోర్టుకు వోతే మనదే గెలుపు. అర్ర మనకే ఉంటది.”

“కోర్టు అర్ర ఇప్పిస్తది. ఆనితోని చాయ్ తాగిపిస్తదా?”

నేను ఏడ్చాను. అంతకుముందు ఎన్నడూ బాపు ముందు ఏడవలేదు. ఆయన నా ఏడుపు అయిపోయేదాకా ఓపిక పట్టి, చెప్పదలచుకున్నది చెప్పాడు. “గేటు కాడ మంచమెయ్యుండ్రి. ఆడ స్లాబు లేదు. ఇంట్లకు లెక్క రాదు.”

అమ్మ లేచి నిలబడింది. “కుక్కను పండవెట్టినట్టు గల్లీల పండవెడ్తరా మనిషిని?”

“కుక్కకు కిరాయి లేదు. లైటు బిల్లు లేదు. మంచిగనే ఉన్నది దాని పని.”

“నవ్వులాటనా నీకు?”

బాపు అరచెయ్యి నేలకు సమంగా చాపి మెల్లగా కదిపాడు. అమ్మ గోడ వైపు తిరిగింది.

నడుమ అంతస్తు ఒడియా పిల్లగాళ్ళు బాపును ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దింపారు. మలుపు దగ్గర కుర్చీ గోడకు తగిలి ఒరిగింది. కింద తల వంచుకొని నిలబడ్డ కాకా ఒక్క అంగలో పైకొచ్చి కుర్చీ కాలు పట్టుకున్నాడు. ఆ తర్వాత వదల్లేదు. గేటు పక్కన మోటార్ సైకిళ్ళు పెట్టే జాగా ఖాళీ చేయించాడు. నవారు మంచం తానే తెచ్చి వేశాడు. పైన నీలం ప్లాస్టిక్ కవరు కట్టాడు. చుట్టూ అడ్డానికి కార్ఖానా నుంచి రంగు వేయని బట్ట తెచ్చాడు. నేతలో తప్పు పడి వ్యాపారి వెనక్కి పంపిన బట్ట అది. బాపు దాన్ని వేళ్ళతో రుద్ది చూశాడు.

“ఎవని సాంచా మీదిది?”

“నాదే అన్నా.”

“గందుకే గిట్లున్నది.”

కాకా చాలా రోజుల తర్వాత నవ్వాడు. చిన్నమ్మ చాయ్ తెచ్చింది. బాపుకు ఒక చెంచా, కాకాకు ఒక గ్లాసు. ఇంటి బయట కూర్చొని వాళ్ళిద్దరూ మళ్ళీ చాయ్ తాగారు.

ఆ రోజుల గురించి రాయాలంటే నాకు సిగ్గుగా ఉంటుంది, ఎందుకంటే అవి అంత చెడ్డగా లేవు. గల్లీ మొత్తం ఆగి పలకరించి పోయేది. కూరగాయల బండివాడు “క్యా హువా చాచా, బాహర్ క్యోఁ?” అని, బయటెందుకున్నావని అడిగితే, బాపు “హవా ఖానే ఆయా”, గాలి పీల్చుకోవడానికి వచ్చాను అనేవాడు. వాడు రెండు నిమ్మకాయలు మంచం మీద పెట్టి పోయేవాడు. నేను మంచం పక్కనే కూర్చొని చీరలకు రాళ్ళు అంటించేదాన్ని. చేతులు ఆగినప్పుడు పేపరు చదివి వినిపించేదాన్ని. కింది ఇంటి నుంచి గిన్నెలు నిండుగా వచ్చేవి, మా గిన్నెలు నిండుగా పోయేవి. కాకా పనికి పోయేముందు కూర్చునేవాడు, వచ్చాక కూర్చునేవాడు. బాపుకు గొంతు లేవడం మానేసింది. అప్పుడు వాళ్ళిద్దరూ పూర్తిగా చేతుల మాటలకే దిగారు. నాకు ఆ భాష కొద్దిగానే తెలుసు. పక్కన కూర్చొని, మా నాన్న చెప్పేదేమిటో ఇంకొకరిని అడిగి తెలుసుకునేదాన్ని.

“ఏమంటుండు కాకా?”

“మీ అమ్మ వండిన పప్పుల ఉప్పెక్కువైందంటుండు. ఆమెకు చెప్పకు.”

సంతోషంగా ఉన్నామని చెప్పడం లేదు. అమ్మ ఒక్క రోజు కూడా ఆ మంచం మీద కూర్చోలేదు. పక్కన నేల మీదే కూర్చునేది. దారిన పోయే మోటార్ సైకిళ్ళ పొగ బాపు ముఖం మీదికి వస్తే కొంగుతో విసిరేది. మా పై గది తలుపు తెరిచి ఉండేది. లోపల ఫ్యాను, దిండ్లు, గోడకు ఆయన చొక్కా, అన్నీ ఉండేవి. అవన్నీ ఉండగా మనిషి వీధిలో ఉన్నాడు.

వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. సూరత్ వాన మీకు తెలిస్తే తెలుస్తుంది, చినుకులతో మొదలవదు, ఎవరో కుమ్మరించినట్టు పడుతుంది. నీలం కవరు బొడ్డులా కిందికి వాలి నీళ్ళతో నిండిపోయింది. పక్కల కట్టిన బట్ట తడిసి బరువెక్కి ఊడిపోయింది. గల్లీ నీళ్ళు మంచం కాళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. నేనూ అమ్మా చెరోపక్క కవరు పట్టుకొని నిలబడ్డాం. కాకా ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చాడు.

“అన్నా, లోపల్కి రా. పట్టుండ్రి, మంచం లేపుండ్రి.”

లోపలి నుంచి చిన్నమ్మ ఏదో అరిచింది. ఆయన వెనక్కి తిరగలేదు. “నక్షత్రం లేదు, ఏం లేదు. ఏమైతే అది అయితది. లేపు బిడ్డా.”

నేను మంచం కోడు పట్టుకున్నాను. అప్పుడు బాపు చెయ్యి దుప్పట్లోంచి బయటికి వచ్చింది. అరచెయ్యి నేలకు సమంగా చాపాడు. మెల్లగా కదిపాడు. నడుస్తోంది, నువ్వు నీ పని చూసుకో.

“అన్నా, నీ కాల్మొక్త, రా.”

మళ్ళీ అదే. బాపు, కాకా తల్లి పడుకున్న గది కిటికీ వైపు ఒకసారి చూసి, మళ్ళీ అదే. మాట ఇచ్చిన తర్వాత తప్పని మనిషి అని మా నాన్నను గొప్పగా చెప్పుకోవాలని నాకు లేదు. ఆ రోజు ఆయన లోపలికి వస్తే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కాకా మంచం మీదికి వంగి, రెండు చేతులతో కవరు పైకెత్తి పట్టుకొని, వాన తగ్గేదాకా అలాగే నిలబడ్డాడు. నీళ్ళు ఆయన మోచేతుల మీదుగా చొక్కాలోకి కారుతున్నాయి.

తడి తర్వాత బాపుకు జ్వరం వచ్చింది. ఒక ఉదయం, రాత్రి పని వాళ్ళు తిరిగొచ్చి పగటి పని వాళ్ళు బయలుదేరే వేళ, గల్లీ అంతా సైకిళ్ళూ టిఫిన్ డబ్బాలూ ఉన్నప్పుడు, బాపు కాకా వైపు చూసి పిడికిలి బిగించాడు. అమ్మ నా వైపు చూసింది. ఈసారి అర్థం అడగాల్సిన అవసరం రాలేదు.

స్నానం అక్కడే చేయించారు. కొత్త బట్ట అక్కడే కప్పారు. పై గదిలో ఉన్న ఆయన చొక్కా కోసం నేను పైకి వెళ్ళి తెచ్చాను, అంతే. ఆ ఇంటి గడప ఆయన మళ్ళీ దాటలేదు. సాయంత్రం అయ్యగారు పంచాంగం చూశారు. గల్లీ పెద్దమనుషులు చుట్టూ ఉన్నారు. కాకా గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

“నక్షత్రం మంచిదే” అన్నారు అయ్యగారు. “దోషం లేదు. ఇంట్ల పోయినా ఇల్లు విడిచే పని లేకుండె.”

కాకా అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఎవరో నీళ్ళు ఇచ్చారు. తాగలేదు.

ప్రాణం పోయిన చోట దీపం పెట్టాలి, దినాలు అయ్యేదాకా ఆరకూడదు. మిగతా ఇళ్ళలో అది గదిలో మూలన ఉంటుంది. మాది గేటు పక్కన వీధిలో ఉంది. గాలికి ఆరిపోతుందని కాకా ఒక నూనె డబ్బా కోసి చుట్టూ నిలబెట్టాడు. మోటార్ సైకిళ్ళవాళ్ళను దూరం జరగమని చెప్పడానికి కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. పనికి పోలేదు. నూనె తానే పోశాడు.

దినాలు అయ్యాక అమ్మ సామాను కట్టడం మొదలుపెట్టింది. నోటీసులో రాసిన గడువు ఇంకా మిగిలే ఉంది. కాకా ఇక ఖాళీ చేయమనడని నాకు తెలుసు, అదే అమ్మతో అన్నాను. “ఎవలు పొమ్మన్నరని?” అంది అమ్మ. “ఆయన బయట వోయినంక నేను గా ఫ్యాను కింద ఎట్ల పండాలె?” సూరత్‌లోనే కోసాడ్ వైపు మేనమామ వాళ్ళింట్లో ఒక మూల దొరికింది.

అన్నీ మూటలు కట్టి, పొయ్యి, గ్లాసులు గోనె సంచిలో పెట్టి మూతి బిగించాక, మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. కాకా. గుమ్మం దగ్గర బాబిన్ల డబ్బా ఇంకా ఉంది, దాన్ని అక్కడే వదిలేద్దామనుకున్నాం. ఆయన దాని మీద ఎప్పటిలా కూర్చున్నాడు. కిరాయి రుమాలు ఆయన ముందు పెట్టాను. ఆయన దాని వైపు చూడలేదు.

“వదినే” అన్నాడు. “జర చాయ్ పొయ్యి.”

మా గల్లీలో ఆ మాటకు ఏమి అర్థమో మొదట్లోనే చెప్పాను. గదిలో చాయ్ తాగడం మానేస్తే పొమ్మనడం. తాగుతానని వచ్చి కూర్చుంటే ఉండమనడం.

అమ్మ గోనె సంచి ముడి విప్పింది. పొయ్యి బయటికి తీసి వెలిగించింది. చక్కెర మూట విప్పింది, ఆకు మూట విప్పింది. పాలు లేవు. నల్ల చాయ్ చేసి గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన ఊదుకుంటూ ఆఖరి చుక్క దాకా తాగాడు. ఎప్పటిలా గంట పట్టింది.

ఆయన గ్లాసు కింద పెట్టాక అమ్మ దాన్ని కడిగి, కొంగుతో తుడిచి, మళ్ళీ సంచిలో పెట్టి మూతి కట్టింది. ఆ సంచి ఆయనే భుజాన వేసుకొని కిందికి దింపాడు.